చెరువు గట్టు కచేరీ: పర్మిషన్ రాలేదు, అందరూ వెంటనే చూడండి

కార్యదర్శి: పార్క్ ఆఫీసు మెయిల్ ఇప్పుడే వచ్చింది. మనం తెల్లవారుజామున అనుకున్నాం కదా, ఉదయం ఎనిమిదికి ముందు గేటు తీయరట, డోలు అసలే వద్దట. ప్రోగ్రాం వచ్చే శనివారమే. టెంట్, బ్యానర్, ఇడ్లీ ఆర్డర్ ఎవరూ తీసుకోలేదు, అవి తర్వాత. ముందు దీని సంగతి చెప్పండి.

ట్రెజరర్: ఫారంలో డోలు అని రాయకపోతే అడిగేవాళ్ళే కాదు. వయొలిన్, ఫ్లూట్ అని రాసి ఊరుకోవాల్సింది.

కార్యదర్శి: దాచి రాస్తే, మధ్యలో ఆపించినప్పుడు ముందుకొచ్చేది మీరా? ఫారం నింపడానికి రమ్మంటే ఒక్కరూ రాలేదు.

వంటల వదిన: ఎనిమిదికే పెట్టుకుందాం. పిల్లలు కూడా లేస్తారు. దీనికింత టెన్షన్ ఎందుకు?

నాదస్వరం బాబాయ్: ఎనిమిదికి భూపాలం ఏమిటమ్మా, అది తెల్లవారుజాము రాగం! జూన్‌లో ఐదున్నరకే తెల్లారుతోంది. రాగం ఒక్కటే కాదు. తెల్లవారుజామున నీటి మీద గాలి చల్లగా, ఆపైన కాస్త వెచ్చగా ఉంటుంది. అందుకే శబ్దం పైకి పోకుండా కిందికి వంగి అవతలి గట్టుదాకా వెళ్తుంది. ఎండెక్కితే ఆ సుఖం పోతుంది. కెనడా స్వరకర్త ముర్రే షాఫర్ 1979లో ఇదే ఒంటారియోలో 12 మంది ట్రాంబోన్ (ఇత్తడి బాకా) వాళ్ళని చెరువు చుట్టూ నిలబెట్టి వాయింపించింది తెల్లవారుజామునా, సంధ్యవేళా. అది చూసేగా మనం మొదలుపెట్టింది!

ట్రెజరర్: ఆయన సంగీత నాటకం 1981లో బ్రాంప్టన్ హార్ట్ లేక్ మీద తెల్లారకముందే జరిగింది. ఆయనకి కుదిరింది మనకెందుకు కుదరదు?

కార్యదర్శి: అదే వాళ్ళకి రాయండి అన్నా. జవాబొచ్చేసరికి దసరా వస్తుంది.

మృదంగం మాస్టారు: గట్టుకీ గట్టుకీ 170 మీటర్లుంటే శబ్దం చేరడానికి అర సెకను. తాళం నిలబడదని మొదట్నుంచీ చెప్తున్నా, వినేదెవరు?

నాదస్వరం బాబాయ్: అందుకే తాళం లేని ఆలాపనే అన్నాను మాస్టారూ. షాఫర్ కూడా తెప్ప మీంచి రంగు జెండాలు ఊపి నడిపించాడు.

కొత్త వాలంటీర్: మా ఆఫీసులో ఒకావిడకి ఊరి బయట పొలం, చెరువు ఉన్నాయి. అడిగాను. సాయంత్రమైతే సరేనన్నారు, పొద్దున్నయితే ఆవులు బెదురుతాయట. బాత్రూం మాత్రం ఒకటే.

వంటల వదిన: ఒకటేనా! అంతమంది ఆడవాళ్ళం ఏం కావాలి? నేను రాను.

కార్యదర్శి: రెండు మొబైల్ టాయిలెట్లు అద్దెకు తెద్దాం వదినా. టెంట్ డబ్బులు ఎలాగూ మిగిలాయి.

నాదస్వరం బాబాయ్: అయితే భూపాలం పోయింది. సాయంత్రం రాగం పూర్వీకల్యాణి అందుకుంటాం. పొద్దుగూకేది తొమ్మిదికి, ఎనిమిదిన్నరకి మొదలు.

మృదంగం మాస్టారు: డోలూ తాళమూ లేనప్పుడు చేతులు ఊరికే ఎందుకు? జెండాలు నాకివ్వండి.

ట్రెజరర్: డిపాజిట్ వెనక్కి అడిగే మెయిల్ నేను రాస్తాను. కార్యదర్శి గారు ఇంక పడుకోండి.

వంటల వదిన: ఇడ్లీ మానేసి పులిహోర చేస్తాను. తెప్ప ఎవరి దగ్గరుంది?

కొత్త వాలంటీర్: మా గరాజ్‌లో గాలి కొట్టే పడవ ఉంది, ఒక్కరే పడతారు. మాస్టారూ, ఈత వచ్చా?

మృదంగం మాస్టారు: రాజోలు వాణ్ణి, గోదావరిలో ఈదాను. లైఫ్ జాకెట్ మాత్రం తీసుకురండి.

కార్యదర్శి: దోమల మందు ఎవరు తెస్తున్నారు?