హ్యూస్టన్‌లో హరికేన్ సీజన్: ఇల్లు, ఇన్సూరెన్స్, కరెంట్ విషయంలో మీ అనుభవాలు చెప్పండి

కేటీ_కొత్తకాపురం
డాలస్ నుంచి ఈమధ్యే హ్యూస్టన్ పక్కనున్న కేటీకి మారాం. ప్రస్తుతానికి అద్దె ఇల్లు, ఏడాదిలోపు కొనుక్కోవాలని చూస్తున్నాం. జూలైలో రాజమండ్రి నుంచి అత్తమ్మ, మామయ్య వస్తున్నారు. మామయ్యకి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. ఆఫీసులో అందరూ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్ అని ఇప్పటి నుంచే మాట్లాడుకుంటున్నారు. డాలస్‌లో టోర్నడో సైరన్లు, వడగళ్లు అలవాటే కానీ ఇది మాకు కొత్త. ఇళ్లు చూపించే ఏజెంట్ మాత్రం "ఇదంతా ఎక్స్ జోన్ (ప్రభుత్వ వరద మ్యాపులో ముప్పు తక్కువని గుర్తించిన ప్రాంతం), ఫ్లడ్ ఇన్సూరెన్స్ అక్కర్లేదు" అంటున్నాడు. నిజమేనా? ఏళ్ల తరబడి ఇక్కడ ఉన్నవాళ్లు మీరు చూసింది చెప్పండి. కాస్త టెన్షన్‌గానే ఉంది.

బార్కర్_ఎగువన
అక్కర్లేదు అంటే లోన్ ఇచ్చే బ్యాంకు అడగదని అర్థం, అంతే. నీళ్లు రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2017లో హార్వీ హరికేన్‌కి హారిస్ కౌంటీలో మునిగిన ఇళ్లలో ఎక్కువ భాగం వందేళ్ల వరద హద్దుకి (ఏ ఏడాదైనా వరద వచ్చే అవకాశం 1 శాతం ఉండే ప్రాంతం) బయట ఉన్నవే.

మా సంగతి చెప్తాను. హార్వీ ఆగస్టు 25 రాత్రి రాక్‌పోర్ట్ దగ్గర కేటగిరీ 4గా (గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 దాకా ఉంటాయి, 5 అన్నిటికన్నా బలమైనది) తీరం దాటింది. అది మాకు చాలా దూరం. హ్యూస్టన్‌లో గాలి పెద్దగా లేదు, గండం గడిచిందనే అనుకున్నాం. కానీ అది బలహీనపడి కూడా కదలకుండా ఈ చుట్టుపక్కలే తిరుగుతూ రోజుల తరబడి కురిసింది. బోమాంట్ దగ్గరి నెదర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాలు దాటింది. అంటే 1,500 మిల్లీమీటర్ల పైమాట, మన గోదావరి జిల్లాల్లో ఏడాది మొత్తం పడే వాన కన్నా ఎక్కువ.

మా ఇల్లు అప్పుడు బార్కర్ రిజర్వాయర్‌కి ఎగువన ఉండేది. రిజర్వాయర్ అనగానే నీళ్లుంటాయనుకుంటారు. మామూలు రోజుల్లో అక్కడ చెట్లు, పార్కు, పిల్లలు ఆడుకునే గ్రౌండ్లే కనిపిస్తాయి. పెద్ద వాన వచ్చినప్పుడు డౌన్‌టౌన్ మునగకుండా నీటిని ఆపడానికి కట్టినది అది. ఆ నిల్వ పెరుగుతూ పెరుగుతూ వెనక్కి తన్ని మా వీధుల్లోకి వచ్చింది. వాన తగ్గుముఖం పట్టాక కూడా ఇంట్లో నీటి మట్టం పెరుగుతూనే ఉంది. పిల్లల్ని ఎవరో తెలియని మనిషి పడవలో ఎక్కించుకుని బయటికి తెచ్చాడు. దిగువన ఇంకో కథ: ఆగస్టు 28న పక్కనున్న అడిక్స్ రిజర్వాయర్, బార్కర్ గేట్లు ఎత్తాక బఫెలో బయూ (డౌన్‌టౌన్ మీదుగా పారే వాగు) ఒడ్డున ఉన్న ఇళ్లు మునిగాయి.

ఇల్లు అమ్మినప్పుడు మా బిల్డర్ ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు. ఇప్పుడు కొంత మారింది. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ఇల్లు అమ్మేవాళ్లు గతంలో నీళ్లు వచ్చాయా, రిజర్వాయర్ ఫ్లడ్ పూల్‌లో (అది నిండినప్పుడు నీళ్లు పరుచుకునే ప్రాంతంలో) ఉందా, వందేళ్ల, ఐదొందలేళ్ల హద్దుల్లో ఉందా అనేది డిస్‌క్లోజర్ ఫారంలో రాసివ్వాలి. అయితే బిల్డర్ దగ్గర కొనే సరికొత్త ఇంటికి ఆ ఫారం తప్పనిసరి కాదు. కేటీ వైపు మనవాళ్లు కొనేవి ఎక్కువగా కొత్తవే కాబట్టి మీరే అడ్రస్ పట్టుకుని కౌంటీ మ్యాపులో చూడాలి. బేరం కుదరక ముందే చూడండి.

బ్రేస్‌బయూ_పక్క
మేం మేయర్‌ల్యాండ్‌లో అద్దెకి ఉండేవాళ్లం. ఆ పేటకి 2015 మెమోరియల్ డే, 2016 టాక్స్ డే, 2017 హార్వీ, వరుసగా మూడేళ్లు వరద. మొదటి రెండూ హరికేన్లే కాదు, ఉత్త వానలు. ఇక్కడ నేల బల్లపరుపుగా ఉంటుంది, పైగా బంకమట్టి, నీళ్లు ఇంకవు. అందుకే పేరున్న తుపాను కోసమే ఎదురుచూస్తూ కూర్చోకండి.

అద్దెకి ఉన్నవాళ్లకి ఒక మాట: 2022 జనవరి నుంచి ఓనర్ కూడా లీజు ఇచ్చేటప్పుడు ఇల్లు వందేళ్ల వరద హద్దులో ఉందా, గత ఐదేళ్లలో మునిగిందా అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. ఇవ్వకపోతే గట్టిగా అడిగి తీసుకోండి.

పాలసీ_చదివి_చెప్తా
ఇన్సూరెన్స్ గురించి మనవాళ్లలో చాలా అయోమయం ఉంది, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో వరద కవర్ కాదు. గాలికి కప్పు లేచిపోయి వాన లోపలికి కురిస్తే ఒక లెక్క, వీధిలోంచి నీళ్లు గుమ్మం దాటి వస్తే వేరే లెక్క. రెండోదానికి ఫ్లడ్ పాలసీ విడిగా ఉండాలి. ప్రభుత్వ పథకంలో ఇంటికి 2,50,000 డాలర్లు, లోపలి సామానుకి 1,00,000 డాలర్ల వరకు ఇస్తారు. అద్దెకి ఉన్నవాళ్లు సామానుకి మాత్రమే కూడా తీసుకోవచ్చు. ఇల్లు బాగయ్యేదాకా బయట ఉండే ఖర్చు మాత్రం ఇందులో రాదు.

అన్నిటికన్నా ముఖ్యం, 30 రోజుల నిరీక్షణ. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తుపాను పుట్టిందని టీవీలో చూసి కొంటే ఆ తుపానుకి పనికిరాదు. ఇల్లు కొనేటప్పుడు లోన్ క్లోజింగ్‌తో పాటు తీసుకుంటే ఆ 30 రోజులు ఉండవు, కాబట్టి మీరు కొనే రోజు వదులుకోకండి. ఈలోపు అద్దె ఇంటి సామానుకి ఇప్పుడే అప్లై చేయండి.

గాలి నష్టానికి మీ పాలసీలో డిడక్టిబుల్ శాతంలో ఉందేమో చూడండి. 4,00,000 డాలర్ల ఇంటికి 2 శాతం అంటే మొదటి 8,000 మీ జేబులోంచే. కారుకి లయబిలిటీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చే కవర్) ఒక్కటే ఉంటే నీళ్లలో మునిగినా పైసా రాదు, కాంప్రిహెన్సివ్ ఉండాలి.

పెర్‌ల్యాండ్_అక్క
అమ్మా, వరద సరే, పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి నేను కరెంట్ గురించే చెప్తాను. బెరిల్ హరికేన్ 2024 జూలై 8 తెల్లవారుజామున మాటగోర్డా దగ్గర తీరం దాటింది. కేటగిరీ 1 మాత్రమే. "ఒకటేగా" అని చాలామంది మంచినీళ్లు కూడా కొనలేదు. 22 లక్షలకు పైగా మీటర్లకి కరెంట్ పోయింది. వానా గాలీ వెళ్లిపోయి మళ్లీ ఎండ మొదలైంది. మా వీధిలో వారం దాటినా రాలేదు. జూలైలో ఏసీ లేని ఇల్లు ఎలా ఉంటుందో మన ఊరి ఇళ్లతో పోల్చుకోవద్దు. ఇక్కడి ఇళ్లకి వరండా ఉండదు, ఎదురుగాలి రాదు, చెక్క గోడల మధ్య వేడి అలాగే నిలిచిపోతుంది. మా అమ్మకి రెండో రోజుకే నీరసం, వాంతులు. ఆస్టిన్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి తీసుకెళ్లిపోయాం. పెద్దవాళ్లుంటే "రేపు వస్తుందేమో" అని ఆగొద్దు, కరెంట్ ఉన్న ఊళ్లో ఎవరింటికి వెళ్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇన్సులిన్‌కి చిన్న కూలర్, జెల్ ప్యాకులు పెట్టుకో. ఐసుకి నేరుగా తగలకూడదు, గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు. వాడుతున్నది బయట ఎన్నాళ్లు ఉంచొచ్చో మామయ్యగారి డాక్టర్‌ని అక్కడే అడిగి రాయించుకుని రమ్మను.

సైప్రస్_శ్రీకాకుళం
2024 మే 16న వచ్చిన డెరేచో (చాలా దూరం దూసుకెళ్లే ఉరుముల గాలివాన) కూడా మర్చిపోవద్దు. హరికేన్ కాదు, ముందు రోజు హడావిడి ఏమీ లేదు. సాయంత్రం గాలి లేచి డౌన్‌టౌన్ మేడల అద్దాలు పగలగొట్టింది, కరెంట్ లైన్ల పెద్ద టవర్లు వంగిపోయాయి. అప్పటి నుంచి మా ఇంట్లో చిన్న జనరేటర్ ఉంచాం. గ్యారేజీలో పెట్టి తలుపు సగం ఎత్తితే సరిపోతుంది, వానకి తడవదు.

పెర్‌ల్యాండ్_అక్క
వద్దు తమ్ముడూ, దయచేసి అలా పెట్టొద్దు. తలుపు పూర్తిగా తెరిచినా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ప్రతి తుపాను తర్వాత ఇక్కడ ఈ మరణాలు ఉంటాయి. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఆరుబయట, పొగ గొట్టం ఇంటివైపు లేకుండా పెట్టాలి. బ్యాటరీతో నడిచే అలారం కొను.

సైప్రస్_శ్రీకాకుళం
సరే అక్కా, ఈ వారంలోనే మారుస్తాను. అలారం కూడా తీసుకుంటాను.

లీగ్‌సిటీ_కోనసీమ
నేను తీరానికి దగ్గరగా ఉంటాను. మా ఊళ్లో 1996 నవంబర్ 6 తుపాను చూసినవాణ్ని. అక్కడ ఎమ్మార్వో జీపు మైకులో చెప్తే బడికో తుపాను షెల్టర్‌కో వెళ్లేవాళ్లం. ఇక్కడ ఎవరి కారు వాళ్లదే, అందుకే ఎవరు కదలాలి, ఎవరు కదలకూడదు అన్నది తెలిసి ఉండాలి. 2005లో రీటా హరికేన్‌కి అవసరం లేనివాళ్లు కూడా బయల్దేరడంతో ఫ్రీవేలు గంటల తరబడి ఆగిపోయి, ఆ ఎండలో, ఆ ప్రయాణంలోనే చాలామంది చనిపోయారు.

జిప్ కోడ్‌ని బట్టి తీరప్రాంతంలో ఖాళీ చేయించే జోన్లు ఉంటాయి. మాది అందులో ఉంది, చెప్పగానే వెళ్తాం. 2008లో ఐక్ హరికేన్ కేటగిరీ 2 మాత్రమే, కానీ ఉప్పెన బొలివర్ ద్వీపకల్పాన్ని తుడిచిపెట్టేసింది. కేటీకి ఉప్పెన రాదు. మీరు వాన నీటిని, కరెంట్‌ని చూసుకోవాలి. ఇల్లు గట్టిదైతే తుపాను రోజు రోడ్డెక్కకపోవడమే మంచిది. అడుగు లోతు ప్రవాహం చిన్న కారుని తేల్చేస్తుంది. హ్యూస్టన్‌లో వీధుల్ని కావాలనే కాసేపు నీళ్లు నిలిచేలా కడతారు, అండర్‌పాస్‌లు ఇంకా ప్రమాదం.

కేటీ_కొత్తకాపురం
అందరికీ చాలా థాంక్స్. సామానుకి ఫ్లడ్ పాలసీ అప్లై చేశాం. మామయ్య డాక్టర్‌తో మాట్లాడుతున్నారు. బార్కర్_ఎగువన గారూ, మీరు చెప్పినట్టు మ్యాపులో చూస్తే మాకు బాగా నచ్చిన ఇల్లు ఫ్లడ్ పూల్ లోపలే ఉంది. దాన్ని వదిలేస్తున్నాం. ఏజెంట్ ఇప్పుడు సైప్రస్ వైపు చూడమంటున్నాడు. అక్కడ ఎలా ఉంటుంది?

బార్కర్_ఎగువన
సైప్రస్ క్రీక్‌కి దగ్గరైతే జాగ్రత్త. 2016లోనూ, హార్వీకీ ఆ ఒడ్డున చాలా ఇళ్లు మునిగాయి. ఆ క్రీక్ బాగా పొంగితే నీళ్లు అడిక్స్ వైపు కూడా దాటి వస్తాయి. కౌంటీ వాళ్ల ఫ్లడ్ వార్నింగ్ వెబ్‌సైట్‌లో ప్రతి గేజ్ (కొలిచే పరికరం) దగ్గర ఎంత వాన పడింది, క్రీక్ మట్టం ఎంత ఉంది అప్పటికప్పుడు కనిపిస్తుంది. పెద్ద వాన పడిన రోజు ఆ ఇంటికి దగ్గరి గేజ్ చూసి, మర్నాడు వెళ్లి పక్కింటివాళ్లని అడగండి. ఏజెంట్ లేకుండా వెళ్లండి.

సైప్రస్_శ్రీకాకుళం
మేం ఆ క్రీక్‌కి కాస్త ఎత్తులో ఉన్నాం, హార్వీకి గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఏ సబ్‌డివిజన్ చూస్తున్నారో చెప్పండి, మా వీధివాళ్లని అడిగి చెప్తాను.