బడి ఫారంలో ఇంటి భాష ఏమని రాయాలి?

హనుమకొండ అమ్మ: మేము సుబేదారి నుంచి డాలస్‌కు వచ్చాము. మా బాబుకు ఎనిమిదేళ్లు, మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియమే. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని బడిలో ఫారం ఇచ్చారు. తెలుగు అని రాస్తే బాబుకు ఇంగ్లీషు పరీక్ష పెడతారని, ఇంగ్లీషు అని రాయమని ఇక్కడివారు చెబుతున్నారు. ఏది మంచిది?

కాజీపేట జంక్షన్: ఇంగ్లీషు అనే రాయండి. మా పాప కథల పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే చదివేది. తెలుగు అని నిజం రాసినందుకు పరీక్ష పెట్టి, తను మంచినీళ్లు అడిగిన తీరే అర్థం కాలేదన్నట్టు ముఖం పెట్టి, ఇంగ్లీషు రాని పిల్లల్లో చేర్చారు. ఆ తరగతి వద్దని సంతకం చేసినా ఇంగ్లీషు ఎంత వచ్చిందో చూసే టెల్పాస్ పరీక్ష ఏటా తప్పలేదు. అప్పటి నుంచి ఇంట్లో కూడా తెలుగు మానేశాము.

ములుగు మాస్టారు: అబద్ధం రాయమని సలహా ఇవ్వకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా పిల్లలకు అర్థం కాని ఇంగ్లీషులో పాఠాలు చెప్పి ఊరుకోవడం సమాన విద్య కాదని 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికే ఆ ఫారం. ఇక వాటర్ అన్నప్పుడు అమెరికావాళ్లు టకారాన్ని డకారంలా మెత్తగా పలుకుతారు, మన పిల్లలు నాలుక మడిచి గట్టిగా పలుకుతారు. యాస రుగ్మత కాదని అక్కడి స్పీచ్ థెరపిస్టుల సంఘమే చెబుతోంది.

వరంగల్ కోట: మా మేనకోడలు అక్కడికి వెళ్లిన కొన్ని నెలలకే జెడ్ అక్షరాన్ని అక్కడివాళ్లలా జీ అనసాగింది. పిల్లలు వాళ్లే నేర్చుకుంటారు.

కాజీపేట జంక్షన్: టకారం సంగతి నేను అడగలేదు. మా పాప రబ్బరు ఇమ్మంటే పెద్ద పిల్లలు పగలబడి నవ్వారు. ఎందుకు నవ్వారని ఇంటికొచ్చి అడిగితే మేము చెప్పలేకపోయాము. అక్కడ రబ్బరంటే కండోమ్ అనీ, ఎరేజర్ అనాలనీ ముందుగా ఎవరు చెప్పారు?

ములుగు మాస్టారు: ఫారంలో ఇంగ్లీషు అని రాసినా ఆ నవ్వు ఆగేది కాదు కదా.

కాజీపేట జంక్షన్: ములుగులో కూర్చొని ఎన్నయినా చెప్పవచ్చు. అప్పు చేసి ఇంగ్లీషు మీడియం ఫీజులు కట్టినవాళ్లం మేము. ఆ పరీక్ష ఫలితం చేతికి వచ్చిన రోజు మా ఇద్దరి చదువులూ, మా మాటతీరూ పనికిరావని ముద్ర వేసినట్టయింది. ఇప్పుడు టీచరుతో మీటింగుకు నన్ను రావద్దంటోంది పాప. నేను నోరు విప్పితే తనకు సిగ్గుగా ఉంటుందట.

జగిత్యాల బాపమ్మ: అమ్మా, నీ బాధ నాకు తెలుసు, కానీ తెలుగు మానేశామన్నావే, అక్కడే నా మనసు కలుక్కుమంది. మా కొడుకు కూడా మనవడికి అలాగే మాన్పించాడు. వీడియో కాల్‌లో వాడి మాట నాకు, నా మాట వాడికి అర్థం కాక కొడుకు మధ్యలో కూర్చొని చెప్పవలసి వస్తోంది. ఆ వయసు పిల్లలు తోటివాళ్ల యాసనే పట్టుకుంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడితే అదేమీ ఆగదు. సిగ్గు పోవాలంటే ముందు నువ్వు పాపతో తెలుగులో మాట్లాడు.

హనుమకొండ అమ్మ: తెలుగు అనే రాస్తాను. హనుమకొండ బడి ప్రోగ్రెస్ కార్డులు టీచరుకు చూపించి, ఫలితం వచ్చాక ఆ తరగతి సంగతి ఆలోచిస్తాము.

కాజీపేట జంక్షన్: మీ ఇష్టం. ఒకసారి పరీక్ష పెట్టాక ఆ జవాబును మార్చనివ్వరు, సంతకానికి ముందే ఆలోచించుకోండి.