జీఆర్86 కొత్తగా తీసుకున్నా: ప్రీమియం పెట్రోల్ తప్పనిసరా? జాక్ ఎక్కడ పెట్టాలి?

ఫ్రిస్కో_86:
అందరికీ నమస్తే, నేను టెక్సాస్ ఫ్రిస్కో. మూడు వారాల కింద టయోటా జీఆర్86 స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లది తీసుకున్నా, ఆరేళ్ళు క్యామ్రీ నడిపాక ఇది చేతికి వస్తే వేరే లోకంలా ఉంది. రెండు డౌట్లు ఉన్నాయి. ఫ్యూయల్ మూత దగ్గర ప్రీమియం అని రాసుంది, కానీ ఆఫీసులో ఒకాయన 87 ఆక్టేన్, అంటే మామూలు పెట్రోలే కొట్టించు ఏం కాదు, కంప్యూటరే సర్దుకుంటుంది అంటున్నారు, నిజమేనా? రెండోది, టైర్ రొటేషన్ (టైర్లని ముందుకీ వెనక్కీ మార్చడం) ఈసారి నేనే ఇంట్లో చేద్దామనుకుంటున్నా. కారేమో నేలకి అంటుకున్నట్టు ఉంది, కిందకి వంగి చూస్తే అంతా ప్లాస్టిక్కే, జాక్ ఎక్కడ పెట్టి లేపాలో అర్థం కావట్లేదు. చేసినవాళ్ళు కొంచెం చెప్పండి.

పోనీ_జెర్సీ:
కంగ్రాట్స్ బ్రో. ముందు గ్యాస్ (పెట్రోల్) సంగతి. కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం తెరిచి ప్రీమియం "రికమెండెడ్" అని ఉందా "రిక్వైర్డ్" అని ఉందా చూడు, ఆ ఒక్క మాటలోనే అంతా ఉంది. నాది 2019 మస్టాంగ్ జీటీ, దానికి 87 పోయొచ్చని కంపెనీనే రాసింది, కాకపోతే వాళ్ళు చెప్పే 460 హార్స్ పవర్ 93 తో కొలిచింది, అంటే 87 పోస్తే ఇంజిన్ చెడదు కానీ డబ్బులు పెట్టి కొన్న పవర్ మొత్తం రాదు. నీ బండి సంగతి వేరు. 12.5 కంప్రెషన్, అంటే గాలి-పెట్రోల్ మిక్చర్ ని గట్టిగా నొక్కుతుంది, టర్బో లేదు, 7 వేల ఆర్పీఎం పైదాకా తిరిగే ఇంజిన్, దాన్ని ప్రీమియం మీదే ట్యూన్ చేశారు.

మీ ఆఫీసాయన చెప్పింది సగం నిజం. నాక్ సెన్సర్ ఉంటుంది, ప్లగ్ వెలిగే టైమింగ్ వెనక్కి లాగుతుంది, కరెక్టే. కానీ సెన్సర్ కి తెలిసేది నాక్ మొదలయ్యాకే కదా, ప్లగ్ వెలిగించిన మంట పాకి వచ్చేలోపే మూలన మిగిలిన మిక్చర్ దానంతట అదే పేలిపోవడమే నాక్, ఆ దెబ్బ పడేది పిస్టన్ మీద. ఎండాకాలం టెక్సాస్ లో హైవే ఎక్కేటప్పుడు తక్కువ ఆర్పీఎం లో పెద్ద గేర్ వేసి ఒక్కసారి తొక్కితే రిస్క్ అక్కడే ఎక్కువ.

లెక్క కూడా వేసుకో. నీ ట్యాంక్ 13.2 గ్యాలన్లు, గ్యాలన్ కి డాలర్ తేడా వేసుకున్నా ట్యాంకుకి 13 డాలర్లు. దానికోసం ఇంజిన్ తో ఆడుకోవద్దు.

మియాటా_అక్క:
నాది మాజ్డా ఎమ్ఎక్స్-5, అదే మియాటా, బే ఏరియా. ఇక్కడ కాలిఫోర్నియాలో మామూలు బంకుల్లో 91 కంటే పైన దొరకదు, మీ టెక్సాస్ లో 93 ఉంది కాబట్టి అదే పోయించు తమ్ముడూ. ఇంకో మాట, ఆక్టేన్ ఎక్కువంటే గ్యాస్ లో బలం ఎక్కువని చాలామంది అనుకుంటారు, కాదు, నాక్ ని తట్టుకునే గుణం ఎక్కువ, అంతే. అందుకే క్యామ్రీలో 93 పోసినా ఒరిగేది ఏమీ లేదు.

బ్రాండ్ గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే, టాప్ టియర్ గుర్తు ఉందా లేదా చూడండి. కార్ల కంపెనీలే 2004 లో కలిసి పెట్టుకున్న ప్రమాణం అది, డిటర్జెంట్ మోతాదు ఎక్కువ. షెల్, షెవ్రాన్ కి ఉంది, కాస్ట్‌కో కి కూడా ఉంది, కాబట్టి చవగ్గా దొరికిందని భయపడక్కర్లేదు.

ఇక జాక్. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే తప్పు చేస్తే పోయేది కారు కాదు, మనిషి.

మామూలు గ్యారేజ్ జాక్ ఈ కార్ల కిందకి దూరదు, లో ప్రొఫైల్ ది కొను. అది కూడా ముందు బంపర్ కి తగులుతుంటే ఒకటిన్నర అంగుళం మందం చెక్కలు రెండు తీసుకుని ముందు చక్రాలు వాటి మీదకి ఎక్కించు, చాలు. పక్కల డోర్ కింద రేకు అంచు ఉంటుంది కదా, పించ్ వెల్డ్ అంటారు, దాని మీద రెండు గాట్లు కనిపిస్తాయి, ఆ గాట్ల మధ్యలో మాత్రమే రేకు గట్టిగా ఉంటుంది. ఉత్త ఇనుప జాక్ పెడితే అంచు వంగిపోతుంది, పెయింట్ లేచిపోతుంది, తర్వాత తుప్పు. నడుమ గాడి ఉన్న రబ్బర్ ప్యాడ్ పెట్టుకో, ఇక్కడ కొంతమంది హాకీ పక్ (ఐస్ హాకీలో వాడే రబ్బర్ బిళ్ళ) కి గాడి కోసి వాడతారు, అది కూడా బాగా పనిచేస్తుంది.

కానీ పక్కన ఉన్న ఆ పాయింట్ మీద జాక్ పెట్టేస్తే, లేపిన కారుని నిలిపి ఉంచే స్టాండ్ పెట్టడానికి చోటేది? అందుకే మధ్యలోంచి లేపాలి. ముందు వైపు క్రాస్ మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే దూలం), వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్యలో ఉండే గేర్ల పెట్టె). అప్పుడు రెండు పక్కలా పించ్ వెల్డ్ కింద స్టాండ్లు పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్ కవర్ మీద, ఆయిల్ పాన్ మీద, సస్పెన్షన్ చేతుల మీద అస్సలు పెట్టొద్దు. మా మియాటా వాళ్ళకైతే గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా పొడుగ్గా ఒక అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది, చూడటానికి జాక్ పెట్టడానికే చేసినట్టు ఉంటుంది, దాని మీద పెడితే మాత్రం పాడైపోతుంది.

వరంగల్_నుంచి_డెన్వర్:
అక్క మంచిగ చెప్పింది. ఒకటి కలుపుత, హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక లేపినవంటే అది ఉన్నా లేనట్టే, బండి ముందుకు జరుగుతది. ఫస్ట్ గేర్ ల పెట్టినా గంతే, గేర్ పట్టేది గుడ వెనక చక్రాలనే. గందుకే ముందు చక్రాలకు రెండు దిక్కుల అడ్డం పెట్టు, ఆ తర్వాతనే లేపు. లేపుతుంటే జాక్ దాని చక్రాల మీద కొంచెం జరగాలె, గచ్చు మీద రాయో ఇసుకో ఉంటే జరగదు, ప్యాడ్ జారుతది. డ్రైవ్ వే తారు ది అయితే ఎండకు స్టాండ్ కాళ్ళు దిగిపోతయ్, కింద మందం ప్లైవుడ్ ముక్కలు వెయ్యి.

స్టాండ్లు పాతవి ఎవరన్న ఇస్తే తీసుకోకు. 2020 ల లక్షల స్టాండ్లు రీకాల్ అయినయ్, బరువు మీద పల్లు జారి కిందికి పడిపోతున్నయని. మోడల్ నంబర్ రీకాల్ లిస్టుల చూసుకో. స్టాండ్ మీద పెట్టినంక కారును చేత్తోటి గట్టిగ ఊపి చూడు, కదిలిందంటే దించి మళ్ళ పెట్టు. ఒట్టి జాక్ మీద ఉన్న కారు కిందికి చెయ్యి గుడ పెట్టకు.

మా కొలరాడో దిక్కు వస్తే పంపు మీద 85 అని గుడ కనిపిస్తది. ఎత్తుల గాలి పలుచగ ఉంటదని పాత రోజుల నుంచి అమ్ముతున్నరు, నీ బండికి అది వద్దు, ఇక్కడి ప్రీమియం 91, అదే పోయించు.

గచ్చిబౌలి_టర్బో:
మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నా, నేను హైదరాబాద్. నా మాన్యువల్ లో 98 ఆర్ఓఎన్ అని ఉంది, మీరేమో 93 అంటున్నారు, అమెరికా గ్యాస్ నాసిరకమా?

పోనీ_జెర్సీ:
కాదు తమ్ముడూ, కొలత వేరు. ఇండియాలో రాసేది ఆర్ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్). ఇక్కడ పంపు మీద ఉండేది ఆర్ఓఎన్, ఎమ్ఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబర్) రెండూ కలిపి సగం చేసిన నంబర్. ఇక్కడి 93 అంటే మీ లెక్కలో దాదాపు 98, ఇక్కడి 87 దాదాపు 91, 92. నీకు 98 అడిగితే ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100 లాంటిది వెతుక్కో, ఎక్స్‌పీ95 సరిపోదు. ఇథనాల్ ఎంత శాతం వరకు ఓకేనో కూడా మాన్యువల్ లో చూడు, ఇప్పుడు మీకు అన్ని బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వస్తోంది కదా, పాత ఇంపోర్టెడ్ కారైతే అది ఆక్టేన్ కంటే పెద్ద విషయం.

సీ8_అట్లాంటా:
కార్వెట్ కొనేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం. దీనికి పించ్ వెల్డ్ లేదు, అల్యూమినియం ఫ్రేమ్ లో నాలుగు చోట్ల రంధ్రాలుంటాయి, వాటిలో బిగించే పక్ లు విడిగా కొనుక్కోవాలి. అవి కారులోనే పెట్టుకోండి. నా ఫ్రెండ్ కారు ఒక టైర్ షాపులో ఇస్తే పక్ లేకుండా లేపారు, పక్క ప్యానెల్ పగిలింది, మూడు వారాలు తిరిగాడు పాపం. ఇప్పుడు నేను ఏ షాపుకెళ్ళినా పక్ లు నా చేత్తోనే బిగించి, లిఫ్ట్ ఎక్కేదాకా పక్కనే నిలబడతా. ఇంకోటి, కార్వెట్ కి వెనక టైర్లు పెద్దవి, ముందుకీ వెనక్కీ మార్చడం కుదరదు. 86 కి నాలుగూ ఒకే సైజు, నువ్వు హాయిగా మార్చుకోవచ్చు.

ఫ్రిస్కో_86:
అందరికీ చాలా థాంక్స్, శనివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందే చేశా. నట్లు కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక డిఫరెన్షియల్ మీంచి లేపి స్టాండ్లు, తర్వాత ముందు వైపు. ముందు క్రాస్ మెంబర్ అందడానికి అక్క చెప్పిన చెక్కలు నిజంగా అక్కరకొచ్చాయి, అవి లేకపోతే జాక్ పిడి బంపర్ కి తగిలి కదిలేది కాదు. వెనకవి తిన్నగా ముందుకి, ముందువి అడ్డంగా మార్చి వెనక్కి వేశా. నట్లు టార్క్ రెంచ్ తో 120 న్యూటన్ మీటర్లకి బిగించా, మొత్తం రెండు గంటలు పట్టింది. 93 కూడా ఫుల్ ట్యాంక్ కొట్టించా. వంద మైళ్ళు తిరిగాక నట్లు మళ్ళీ చెక్ చేసి ఇక్కడే చెప్తా.

మియాటా_అక్క:
యాభై మైళ్ళకే చూసుకో తమ్ముడూ, వంద దాకా ఆగకు.