ఫిగర్ స్కేటింగ్ ఆక్సెల్ జంప్‌లో పాప పావు చుట్టు తక్కువగా దిగుతోంది: ఎత్తు చాలకా, తిరుగుడు చాలకా?

డాలస్_నాన్న: మా పాపకి పదకొండేళ్లు, మంచు మీద ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. వాల్ట్జ్ జంప్ (అర చుట్టుది), సాల్కౌ, లూప్ అన్నీ వచ్చేశాయి, సింగిల్ ఆక్సెల్ (ఒకటిన్నర చుట్టు తిరిగే జంప్) దగ్గరే బండి ఆగింది. దిగేసరికి మడమ ఇంకా పక్కకే ఉంటోంది. కోచ్ "చేతులు త్వరగా లాగు" అంటారు. మా ఆవిడేమో "అసలు ఎగిరితే కదా" అంటుంది. తెలిసినవాళ్లు చెప్పండి, ఏది నిజం?

పాత_లెక్చరర్: గాల్లోకి లేచాక తోసుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు బాబూ. కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడు ఊపు, మంచు మీద ఎంత తెచ్చుకుంటే అంతే. చేతులు లాగితే అది పెరగదు, జడత్వ భ్రామకం (తిరుగుడుకి ఒళ్లు అడ్డుపడే గుణం) తగ్గుతుంది కాబట్టి తిరిగే వేగం మాత్రమే పెరుగుతుంది. చెయ్యి ఒంటి బరువులో 5 శాతమే అయినా, తిరిగే అక్షం నుంచి దాని దూరం వర్గంగా లెక్కకొస్తుంది: దూరం సగమైతే దాని వాటా నాలుగో వంతు. లాగడం ఆలస్యమైతే జంప్ సగం చాచిన చేతులతోనే అయిపోతుంది. కోచ్ మాట తప్పు కాదు.

ఎత్తు సంగతి మీరే కొలవచ్చు. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, బ్లేడు లేచిన ఫ్రేము నుంచి తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 96 ఫ్రేములంటే 0.4 సెకన్లు. అంటే సుమారు 20 సెంటీమీటర్లు లేచినట్టు. 0.7 సెకన్లు ఉండాలంటే 60 సెంటీమీటర్లు కావాలి. సమయం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు చేయాలి! అందుకే పిల్లలకి ఎత్తు కంటే ఒళ్లు బిగించడమే చవక.

ఎడ్జ్_పిచ్చి: మాస్టారూ, లెక్క బాగుంది కానీ అసలు రోగం చాలాసార్లు గాల్లో ఉండదు. ముఖ్యమైన ఆరు జంపుల్లో ఆక్సెల్ ఒక్కటే ముందుకి చూస్తూ లేచేది, అందుకే ఒకటిన్నర చుట్టు. ఎడమ కాలి బయటి ఎడ్జ్ (బ్లేడు బయటి అంచు) మీద వంగి, బ్లేడు కొద్దిగా జారి, చివరికి బ్లేడు ముందుండే పళ్ల మీంచి లేవాలి. అక్కడే ఒళ్లు కొంత తిరిగిపోతుంది. భయపడే పిల్లలు ఎడ్జ్ మీద నిలబడకుండా భుజాలు ముందే తిప్పేస్తారు. అప్పుడు ఎత్తూ పోతుంది, అక్షమూ వాలిపోతుంది.

వీడియోలో ఒక్కటే చూడండి: లేచాక బరువు ఎడమ పక్కనుంచి కుడి పక్కకి మారిందా? ఆక్సెల్ అంటే వాల్ట్జ్ జంప్ మీద బ్యాక్‌స్పిన్ (దిగే కుడి కాలి మీద గిరగిరా తిరగడం). బ్యాక్‌స్పిన్ గట్టిగా లేకపోతే ఎన్ని సార్లు దూకినా అంతే.

డాలస్_నాన్న: బ్యాక్‌స్పిన్ వంకరగానే ఉంది అండి. రెండు చుట్లకే జారిపోతుంది.

ఎడ్జ్_పిచ్చి: దొరికింది దొంగ 😄 కొన్నాళ్లు ఆక్సెల్ పక్కనపెట్టి అదే చేయించమని కోచ్‌ని అడగండి. బయట నేల మీద కూడా చేయొచ్చు: వాల్ట్జ్ జంప్ నుంచి నేరుగా కాళ్లు ఒకదాని మీదుగా ఒకటి దాటించిన బ్యాక్‌స్పిన్ పొజిషన్‌లోకి.

మిన్నెసోటా_అమ్మ: బ్లేడు పదును చూశారా? కొత్తగా పదును పెట్టించిన వారం మా వాడి బ్లేడు మంచుని పట్టేసేది, ఆ చిన్న జారుడు రాక టేకాఫ్ దగ్గరే ఆగిపోయేవాడు. మొద్దుబారితే ఇంకోలా, బయటి ఎడ్జే నిలబడదు. మధ్యలో గాడి, రెండు పక్కలా రెండు అంచులు, ఒకటి అరిగినా పిల్లలు చెప్పలేరు, "నాకు రావట్లేదు" అని ఏడుస్తారంతే.

విశాఖ_రోలర్: మేం చక్రాల మీద ఆర్టిస్టిక్ చేసేవాళ్లం. మాకూ ఆక్సెల్ ఉంది. స్కేటు బరువెక్కువ, కాళ్లు దగ్గరికి రాకపోతే చేతులు ఎంత లాగినా సుఖం లేదు. మీ పాప కాళ్లు గాల్లో దాటుకుంటున్నాయా, విడిగా ఉన్నాయా?

డాలస్_నాన్న: విడిగానే. ఇప్పుడే ఆపి చూశా. లేచాక కుడి మోకాలు పక్కకి వెళ్లిపోతోంది.

పాత_లెక్చరర్: అంటే చేతుల వాటా కంటే కాళ్ల వాటా పెద్దది. కాలు చేతికంటే చాలా బరువు.

జడ్జి_పక్కింటోడు: ఒక ఊరట: సరిగ్గా పావు చుట్టు తక్కువైతే పోటీలో మార్కుల షీటు మీద 'క్యూ' గుర్తు మాత్రమే, బేస్ వాల్యూ (ఆ జంప్‌కి ఉన్న అసలు మార్కులు) పూర్తిగా ఉంటుంది. పావు దాటి అర కంటే తక్కువైతే ఒక బాణం గుర్తు, అర పైన అయితే రెండు బాణాలు, అప్పుడు ఒక చుట్టు తక్కువున్న జంప్ కింద లెక్క. అమెరికా స్కేటర్ ఇలియా మాలినిన్ 2022 సెప్టెంబర్‌లో లేక్ ప్లాసిడ్‌లో పోటీలో మొదటిసారి నాలుగున్నర చుట్ల ఆక్సెల్ దిగాడు. అతనికీ మీ పాపకీ అదే బయటి ఎడ్జ్.

డాలస్_నాన్న: సరే, శనివారం బ్లేడు పదును చూపించి, బ్యాక్‌స్పిన్‌తో మొదలుపెడతాం. మా ఆవిడకి 20 సెంటీమీటర్ల లెక్క ఎవరు చెప్పాలో మాత్రం తేల్చండి.