అప్‌డేట్: బనగానపల్లె సంస్థానం గురించి

1800లో నిజాం దత్తమండలాలను (ఇప్పటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలు) ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాక, మధ్యలో బనగానపల్లె నవాబు ఎలా మిగిలాడని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. తేలింది ఇదీ: ఈస్టిండియా కంపెనీ నవాబు జాగీరును కలుపుకోకుండా, మద్రాసు ప్రభుత్వం కిందే సంస్థానంగా ఉంచింది. విస్తీర్ణం 700 చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూ, అయినా నవాబుకు 9 ఫిరంగి మోతల గౌరవ వందనం! దర్జాకు లోటు లేదు, అధికారమే అంతంతమాత్రం. ఆర్థిక వ్యవహారాలు గాడి తప్పాయని 1905లో ఇంగ్లీషువాళ్లు నవాబును పక్కనపెట్టి తమ అధికారితో పాలన నడిపించారు. 1948లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో, కర్నూలు జిల్లాలో కలిసింది. ఇప్పుడది నంద్యాల జిల్లా. మామిడిపండు సంగతి ఇంకా చదవాలి.