ఖతార్ దిగ్బంధం తొలగింది కువైట్ రాయబారం వల్లా, అమెరికా ఒత్తిడి వల్లా?

ఎడారిదారి:
2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో తెగతెంపులు చేసుకుని నేల, నీరు, గాలి దారులన్నీ మూసేశాయి. 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో రాజీ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఈ మధ్యలో కువైట్ చేసింది పోస్ట్‌మ్యాన్ పనే అంటాను. ట్రంప్ దిగిపోయే ముందు ఆయన అల్లుడూ సలహాదారూ అయిన కుష్నర్ తిరగబట్టే ముడి విడింది.

తూకంరాయి:
పోస్ట్‌మ్యాన్ పని అంత తేలికా అండీ? కువైట్ అమీర్ (పాలకుడు) షేక్ సబా దాదాపు 40 ఏళ్లు విదేశాంగ మంత్రిగా చేసినవాడు. 88కి దగ్గరపడిన వయసులో, దిగ్బంధం మొదలైన మర్నాటి నుంచి రెండు రోజుల్లో జెడ్డా, దుబాయ్, దోహా చుట్టొచ్చాడు. 13 డిమాండ్ల జాబితా ఖతార్‌కు చేరింది కువైట్ చేతుల మీదుగానే. పది రోజుల గడువు ముగుస్తుంటే మరో 48 గంటలు ఇప్పించింది కువైటే. జూలై 3న ఖతార్ తన జవాబును తెచ్చి ఇచ్చిందీ కువైట్‌కే. మాటామంతీ లేనివాళ్ల మధ్య కాగితం కదలడానికి ఒక చేయి కావాలి.

ఎడారిదారి:
ఆ జాబితా చేరిన మర్నాటికే పత్రికల్లోకి ఎక్కిందిగా! ఖతార్ టీవీ ఛానల్ అల్ జజీరా మూసెయ్యాలి, టర్కీ సైనిక స్థావరం ఎత్తెయ్యాలి అని లోకమంతా చదివాక ఖతార్ ఒక్క మెట్టు దిగినా లొంగిపోయినట్టే. గుట్టు నిలబెట్టలేని గుట్టు దౌత్యం ఎందుకు?

తూకంరాయి:
గుట్టు రట్టు చేసింది కువైట్ అని ఎవరూ నిరూపించలేదు. మీరు మెచ్చుకుంటున్న అమెరికా దారి సంగతీ చూడండి. 2017 సెప్టెంబరు 8న ట్రంప్ చొరవతో ఖతార్ అమీర్ తమీమ్, సౌదీ యువరాజు ఫోన్లో మాట్లాడుకున్నారు. ముందు ఎవరు మాట్లాడాలనుకున్నారన్నది ఖతార్ వార్తాసంస్థ వక్రీకరించిందని సౌదీ అలిగి, కొన్ని గంటల్లోనే చర్చలు ఆపేసింది. పరువు తగాదాలో ఫోన్ ఎవరు చేశారన్నదే అసలు విషయమైపోతుంది. మధ్యవర్తి ఇంట్లో కలిస్తే ఆ పేచీ ఉండదు.

నీలిగీత:
ఇద్దరూ మధ్యవర్తి చుట్టూనే తిరుగుతున్నారు. దిగ్బంధం ఎందుకు నొప్పించలేకపోయిందో చూడండి. ఖతార్ ఓడలు దుబాయ్ బదులు ఒమన్‌లోని సొహార్, సలాలా రేవులకు మళ్లాయి. విమానాలు ఇరాన్ మీదుగా వెళ్లాయి. 2020 జూలైలో గగనతల వివాదంపై అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు ఖతార్‌కు అనుకూలంగా వచ్చింది. మూసినవాళ్లకే మూత బరువైంది. అల్ ఉలా తర్వాత అల్ జజీరా ఉంది, టర్కీ స్థావరమూ ఉంది.

తూకంరాయి:
ఒప్పుకుంటాను. కానీ బరువు దించుకోవాలనుకున్నవాడికి దించుకునే చోటు కావాలి. 2017 డిసెంబరులో జీసీసీ (గల్ఫ్ దేశాల సహకార మండలి) శిఖరాగ్ర సభను కువైట్ రద్దు చెయ్యలేదు. తమీమ్ వచ్చాడు, సౌదీ విదేశాంగ మంత్రిని పంపింది, రెండు రోజుల సభ ఒక్క రోజుకే ముగిసింది. సభగా చూస్తే అది వైఫల్యమే. అయినా ఖతార్ కుర్చీ తీసెయ్యకపోవడం వల్లనే 2021లో అల్ ఉలాలో అదే జీసీసీ వేదిక మీద కూర్చోగలిగారు. షేక్ సబా 2020 సెప్టెంబరులో పోయాడు. అయినా 2021 జనవరి 4న సరిహద్దులు తెరుస్తున్న కబురు చెప్పింది కువైట్ విదేశాంగ మంత్రే.

ఎడారిదారి:
కబురు చెప్పాడు, సరే. అంతకు నెల ముందు, 2020 డిసెంబరు 4న టీవీలో కుష్నర్‌కు థాంక్స్ చెప్పిందీ ఆయనే. పైగా అది ప్రధానంగా సౌదీతో రాజీ. ఖతార్‌తో దౌత్య సంబంధాలు పునరుద్ధరించుకోవడానికి బహ్రెయిన్ ఒప్పుకున్నది 2023 ఏప్రిల్‌లో, యూఏఈతో ఎంబసీలు తెరుచుకున్నది జూన్‌లో. సంతకం తర్వాత రెండేళ్లు దాటింది. కువైట్ నలుగురినీ ఒప్పించి ఉంటే ఇంత ఆలస్యం ఎందుకు?