మా సార్ పేరు అవార్డుకు పంపాలి, రాసిందంతా సన్మాన పత్రంలా వస్తోంది

చౌడుమడి:
అందరికీ నమస్కారం. మా వృత్తి సంఘం ఏటా ఇచ్చే అవార్డుల్లో వ్యవసాయం, పర్యావరణం విభాగానికి ఈసారి మా సార్ పేరు పంపుదామని ల్యాబ్‌లో అందరం అనుకున్నాం. రాసే పని నా నెత్తిన పడింది. నాకు రాయడం వచ్చని కాదు, ఆయన దగ్గర అందరికంటే ఎక్కువ కాలం ఉన్నది నేనే. పంతొమ్మిదేళ్లు. మట్టి శాంపిళ్లు తీసే పనిలో చేరాను, ఇప్పుడు ల్యాబ్ చూసుకుంటున్నాను.

ఆయన పనంతా చౌడు నేలల మీద. పీహెచ్ (మట్టిలో క్షారం ఎంతో చెప్పే కొలత) తొమ్మిది దాటిన నేల ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. వాన పడితే నీళ్లు ఇంకవు, మడిలో అద్దంలా నిలబడతాయి. ఎండితే పైన రాయిలా పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. జిప్సం (కాల్షియం ఉన్న ఖనిజం) వేయడం, నీళ్లు కట్టి ఉప్పు కడగడం, ఆ నీళ్లు పోయేందుకు కాలవ తీయడం, పచ్చిరొట్టకు జీలుగ చల్లి పూతకు ముందే కలియదున్నడం ఆయన కనిపెట్టినవి కావు. రైతులతో చేయించగలిగారు, అదీ ఆయన గొప్ప.

ఫారంలో రెండు పేజీలే ఇచ్చారు. నా మొదటి డ్రాఫ్ట్‌లో ఒకటిన్నర పేజీ పరిశోధన పత్రాల జాబితాకే పోయింది. మిగతా అర పేజీలో ఆయన్ని 'అపర భగీరథుడు' అన్నాను. మా ఆవిడ చదివి "శాలువా ఎప్పుడు కప్పుతున్నారు?" అంది.

నా అనుమానాలు రెండు. పేపర్ల లెక్కకు ఎంత చోటివ్వాలి? ఇంకోటి, మొదట్లో ఒక ప్లాటులో కాలవ తీయకుండానే జిప్సం వేశాం. రెండో ఏటికల్లా ఉప్పు మళ్లీ పైకి తేలింది. ఆ సంగతి రాయాలా, మింగేయాలా?

గట్టుమీద:
ముందు ఫారం చివరి పేజీ చూడండి. చాలా అవార్డులకు అభ్యర్థి అంగీకార సంతకం కావాలి. ఆశ్చర్యపరుద్దామని దాచిపెడితే గడువు రోజు రాత్రి ఆయన ఇంటి తలుపు కొట్టాల్సి వస్తుంది. నాకు జరిగింది.

పాతకాపు:
చౌడుమడి గారూ, ఇలాంటి కమిటీలో నాలుగేళ్లు కూర్చున్నాను కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. మాకు వచ్చే ఫైళ్లను ఎవరూ తీరుబడిగా చదవరు. సొంత ఉద్యోగం అయ్యాక, రాత్రి భోంచేసి, ఒక్కోదానికి పది నిమిషాలు ఇస్తే గొప్ప. పేపర్ల జాబితా అందరికీ ఉంటుంది. అందులో నలభై ఉన్నాయా అరవై ఉన్నాయా అన్నది తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు. దాన్ని బయోడేటాలోకి నెట్టేయండి.

ఆ రెండు పేజీల్లో మేం వెతికేది ఒక్కటే. ఈ మనిషి రాకముందు ఏం జరిగేది, వచ్చాక ఏం మారింది, ఆయన వెళ్లిపోయాక కూడా అది నడుస్తుందా? పెద్ద అవార్డుల్లోనూ దీన్నే చూస్తారు. నోబెల్‌లో వ్యవసాయానికి విభాగం లేదు, ఎక్కువ దిగుబడినిచ్చే గోధుమ వంగడాలు తెచ్చిన నార్మన్ బోర్లాగ్‌కు 1970లో ఇచ్చింది శాంతి బహుమతి. ఆ లోటు తీర్చాలనే 1986లో ఆయన వరల్డ్ ఫుడ్ ప్రైజ్ పెట్టించారు. మరుసటి ఏడు మొదటిది ఎం.ఎస్. స్వామినాథన్‌కు వచ్చింది. 2005లో అది అందుకున్న మోదడుగు విజయ్ గుప్తా గారి పని చూడండి. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే గుంటల్లో, రోడ్డు పక్క పల్లాల్లో పేద కుటుంబాలు, అందులోనూ ఆడవాళ్లు, చేపలు పెంచుకునేలా చేశారాయన. ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు, వినగానే బొమ్మ కడుతుంది. మీ సార్ విషయంలో ఆ ఒక్క వాక్యం ఏది? అది దొరికేదాకా రెండో వాక్యం రాయకండి.

పాడైన ప్లాటు సంగతి తప్పకుండా రాయండి. ముప్ఫై ఏళ్ల పనిలో ఒక్క పొరపాటూ లేదని రాసిన ఫైలు చూస్తే నాకైతే అనుమానమే. 'అపర భగీరథుడు' మాత్రం తీసేయండి బాబూ.

ఉప్పునీరు:
ఇక్కడ అందరూ వ్యవసాయం గురించే మాట్లాడుతున్నారు. విభాగం పేరులో పర్యావరణం కూడా ఉంది కదా? నా ప్రశ్న మోటుగా ఉంటే క్షమించండి. పొలంలోంచి కడిగిన ఉప్పు ఎక్కడికి పోయింది? దిగువన ఉన్నవాడి చేలోకేనా?

కావాలని అడ్డు తగలడం లేదు. డీడీటీ పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. 1972కి అమెరికాలోనే దాని వాడకాన్ని దాదాపు అంతా నిషేధించారు. అది ప్రాణాలు కాపాడిందన్నదీ నిజమే, పక్షుల గుడ్ల పెంకులు పలచబడింది దానివల్లే అన్నదీ నిజమే. అప్పటినుంచి వ్యవసాయం, పర్యావరణం అన్న రెండు మాటలూ కలిపి ఉన్న అవార్డు కనబడితే చాలు, దిగువన ఏమైందని అడగడం నాకు అలవాటైంది. కమిటీలో నాలాంటి వాడు ఒకడు ఉంటాడు.

గట్టుమీద:
అంత మంచి పనైతే గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి లాంటి పెద్దదానికే పంపొచ్చుగా?

పాతకాపు:
దానికి మనంతట మనం దరఖాస్తు పెట్టుకోలేం. వాళ్లు ఎంచుకున్న సంస్థలు, నిపుణులు గుట్టుగా పేర్లు పంపుతారు. పైగా అది ఊళ్లలో నిలబడి పోరాడేవాళ్లకు. కెన్యాలో చెట్లు నాటే ఉద్యమం నడిపిన వంగారి మాథాయ్‌కి 1991లో ఇచ్చారు, నోబెల్ శాంతి బహుమతి రావడానికి పదమూడేళ్ల ముందు.

ఉప్పునీరు గారి ప్రశ్నను మాత్రం వదలకండి. నేను అడగాల్సింది, తట్టలేదు.

చౌడుమడి:
రెండు రోజులు మాయమైనందుకు క్షమించండి. ఉప్పునీరు గారూ, మీ ప్రశ్న చదవగానే ముందు ఒళ్లు మండింది. తర్వాత ల్యాబ్ బీరువా తెరిచాను.

మా దగ్గర ఒక ఫీల్డ్ అసిస్టెంట్ ఉండేవాడు, ఇప్పుడు రిటైరయ్యాడు. కాలవ పెద్ద డ్రెయిన్‌లో కలిసే చోటా, దానికి ఎగువా దిగువా, నెలనెలా సైకిల్ మీద వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేవాడు. ఉప్పు ఎంత ఉందో కొలిచి రాసిన నోటు పుస్తకాలు పదకొండేళ్లవి ఉన్నాయి. ఏ పేపర్లోనూ అచ్చు కాలేదు. మొదటి రెండేళ్లు దిగువన అంకెలు బాగానే పెరిగాయి, దాచను. ఆ తర్వాతే సార్ కడిగే నీళ్లను డ్రెయిన్ నిండుగా పారే వానాకాలానికి మార్పించారు. అక్కణ్నుంచి తగ్గుతూ వచ్చాయి. ఇదెందుకు మారిందో నాకే ఇన్నాళ్లూ తెలియదు, పని తేలికని అనుకున్నాను.

పాతకాపు గారు అడిగిన ఒక్క వాక్యం కూడా దొరికింది. సార్ ఏ ఊరు వెళ్లినా రెండు గాజు సీసాలు తీసుకెళ్లేవారు. రెంటిలోనూ వాన నీళ్లు, రెంటిలోనూ ఆ రైతు చేలోని మట్టి పెళ్ల. ఒకదాంట్లో చిటికెడు జిప్సం. రాత్రంతా కదపకుండా ఉంచితే, తెల్లారి జిప్సం లేని సీసాలో నీళ్లు పాలలా ఉంటాయి, ఎందుకంటే సోడియం పట్టిన బంకమట్టి విడిపోయి తేలుతూనే ఉంటుంది. రెండో సీసాలో కాల్షియం తగిలి మట్టి అడుక్కి దిగి, నీళ్లు తేటగా ఉంటాయి. ఆ తర్వాత ఉపన్యాసం అక్కర్లేదు. రైతులు ఆ సీసాల్ని పక్కవాళ్లకు చూపించడానికి ఇళ్లకు పట్టుకుపోయేవారు, మేం మళ్లీ సీసాలు కొనుక్కునేవాళ్లం.

మొదటి పేజీ ఇప్పుడు ఆ సీసాలతో మొదలవుతుంది. రెండో పేజీలో పాడైన ప్లాటు, డ్రెయిన్ అంకెలు, సైకిలాయన పేరు.

సంతకం కోసం నిన్న సార్ దగ్గరికి వెళ్లాను. ఏదో లీవ్ లెటర్ దిద్దినట్టు పెన్సిల్ పట్టుకుని చదివారు. మొదటి ఏడాది పీహెచ్ 9.8 అని రాశాను, కొట్టేసి 9.6 చేశారు. డ్రెయిన్ పేరా దగ్గర చాలాసేపు ఆగి, "ల్యాబ్ మారినప్పుడు ఈ పుస్తకాలు పోయాయన్నారు కదయ్యా, ఎక్కడున్నాయి?" అని అడిగారు. బీరువా కింది అరలో అన్నాను. ఫారం పక్కన పెట్టి, ముందు అవి పట్టుకురమ్మన్నారు.

సంతకం ఇంకా కాలేదు. గడువు శుక్రవారం.